అమ్మ మోకాళ్లు, నడిమి తరగతి సీటు

శుక్రవారం, రాయగడ – గుణుపురం

టికెట్టు కొనకముందే ఊళ్లు తిరగాలని అమ్మ పట్టుబట్టింది. అమెరికా వెళ్తున్నానన్న మాట గుణుపురంలోనూ పర్లాకిమిడిలోనూ బరంపురంలోనూ ఉన్న అయినవాళ్లకి ఎదురుగా కూర్చుని చెప్పాలట. ఫోన్లో చెబితే చెప్పినట్టు కాదట. చెల్లి న్యూజెర్సీలో ఉంటుంది. వీసాలు వచ్చేశాయి. ఇప్పుడు కార్తీకం, ప్రయాణం ఫాల్గుణంలో. టికెట్లు బరంపురంలో మావయ్యకి తెలిసిన ఏజెంటు చేత తీయించాలనుకున్నాం. ఈలోగా నేను తేల్చుకోవాల్సింది ఒక్కటే, ఏ తరగతిలో వెళ్లాలన్నది.

బిజినెస్ క్లాసు మా లెక్కలో లేదు. ఎకానమీలో అమ్మ పడే అవస్థ ఊహించగలను. పొద్దున్న మజ్జిగౌరమ్మ గుడి దగ్గర చెప్పులు విప్పడానికి కూడా ఆవిడకి ఏదో ఒక గట్టు ఆసరా కావలసి వచ్చింది. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. వంచి గంటసేపు ఉంచితే మళ్లీ సాగవు. సాగినా కాసేపు అరుపే. రాయగడలో డెబ్భై దాటినవాళ్లలో సగంమందిది ఇదే కథ, కానీ వాళ్లెవరూ పద్దెనిమిది గంటలు ఒకే కుర్చీలో కూర్చోబోవడం లేదు.

ఈ రెండిటి మధ్యలో ప్రీమియం ఎకానమీ అని ఒకటుంది. కొత్తదేం కాదు. 1990ల మొదట్లోనే తైవాన్ సంస్థ ఈవా ఎయిర్, బ్రిటన్ సంస్థ వర్జిన్ అట్లాంటిక్ మొదలుపెట్టాయి. మన దేశపు సంస్థల్లో 2015లో విస్తారా తెచ్చింది. ఆ విస్తారా 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. పేరు వినడమే గాని మా ఇంట్లో ఇందులో ఎక్కినవాళ్లు లేరు.

మధ్యాహ్నం కారులో గుణుపురం చేరాం. అమ్మ చిన్ననాటి స్నేహితురాలి కొడుకు అక్కడి ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. అన్నగారు షికాగోలో ఉండడంతో అతనికి ఈ ప్రయాణాలు అలవాటే. వంశధార గట్టు మీద నడుస్తూ అతను చెప్పిన మొదటి మాట నాకు బాగా పనికొచ్చింది. "పేరులో ప్రీమియం ఉందా, ప్లస్ ఉందా అని చూడకండి. విమానంలో దానికి వేరే గది ఉందా, లేదా అని చూడండి." కొన్ని సంస్థలు మామూలు ఎకానమీ సీటునే మూడు నాలుగు అంగుళాలు ఎడంగా బిగించి ఎక్కువ ధరకి అమ్ముతాయి. సీటు వెడల్పు అదే, తిండి అదే, పక్కవాడి మోచెయ్యి అదే. అమెరికా సంస్థ యునైటెడ్‌లో ఎకానమీ ప్లస్ అంటే అలాంటిది. ప్రీమియం ప్లస్ అంటే అసలు నడిమి తరగతి, సీటే వేరు. ఒకే సంస్థలో రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటే మనలాంటివాళ్లం తికమక పడకుండా ఎలా ఉంటాం? గల్ఫ్ సంస్థల్లో ఎతిహాద్‌ది కాళ్ల జాగా ఎక్కువిచ్చే ఎకానమీయే. ఖతార్ ఎయిర్‌వేస్ నడిమి తరగతి పెట్టనే లేదు. ఎమిరేట్స్ 2022లో అమ్మకానికి పెట్టింది గాని దాని విమానాలన్నిటిలో లేదు. అంటే సంస్థ పేరు చూస్తే చాలదు, మన దారిలో ఏ విమానం వస్తుందో అదీ చూడాలి.

అమ్మ ఈ మాటలేవీ వినలేదు. స్నేహితురాలితో రాత్రి పదకొండు దాకా కబుర్లే.

శనివారం, గుణుపురం – పర్లాకిమిడి

పొద్దున్నే రైలు. ఈ లైనంటే అమ్మకి ప్రాణం. పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా పడిన చిన్న రైలు మార్గం, 1931కి గుణుపురం దాకా వచ్చింది. గేజి రెండున్నర అడుగులు. 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద లైనుగా మారింది. చిన్న రైల్లో పెళ్లికూతురుగా వచ్చిన కథ అమ్మ కాశీనగరం స్టేషను దాటేలోపు ఒకసారి, దాటాక ఇంకోసారి చెప్పింది.

రెండున్నర అడుగులంటే 30 అంగుళాలు. ఎకానమీలో ఒక సీటుకీ ముందు సీటుకీ మధ్య ఉండే దూరం, విమానంవాళ్లు పిచ్ అంటారు, చాలా సంస్థల్లో 31 లేక 32 అంగుళాలు. ఆ చిన్న రైలు రెండు పట్టాల మధ్య ఉన్న ఎడంలో ఒక మనిషిని సీటుతో సహా ఇమడ్చడమన్న మాట. పిచ్ అంతా కాళ్లకే దొరకదు, సీటు వీపు మందం కూడా అందులోనే పోతుంది.

పర్లాకిమిడిలో పెద్దమ్మ ఇల్లు. రాజావారి కోటకి దగ్గర్లోనే. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపిల్లలకి పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్న ఊరు ఇది. ఇక్కడ ఇప్పటికీ ఒక ఇంట్లో తెలుగు, ఎదురింట్లో ఒడియా, సంతలో సవర వినిపిస్తాయి. మా పెద్దమ్మ ఈ మూడిట్లోనూ పోట్లాడగలదు.

సాయంత్రం నాకొక ఆలోచన వచ్చింది. పెద్దమ్మ ఇంటి అరుగు మీద కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ దగ్గర టేపు తీసుకున్నాను. రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేశాను. వెనక కుర్చీ వీపు నుంచి ముందు కుర్చీ వీపు దాకా 31 అంగుళాలు కొలిచి అమ్మని కూర్చోబెట్టాను. మోకాలికీ ముందు కుర్చీకీ నడుమ నా అరచెయ్యి పట్టింది. పరవాలేదంది. అప్పుడు ముందు కుర్చీని విమానంలో సీటు వాలినట్టు ఆమె మీదకి వంచాను. "ఏటిరా, ఊపిరాడనివ్వవా?" అంది. తర్వాత 38 అంగుళాలకి జరిపాను. ఎయిర్ ఇండియా నడిపే ఏ350 రకం విమానంలోనూ, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లోనూ నడిమి తరగతి పిచ్ అదే. ఎమిరేట్స్‌లో 40. ముందు కుర్చీ వంచినా అమ్మ ఒక కాలు బారుగా చాపగలిగింది, రెండోది సగం చాపింది. దర్జీ కూడా లేచి వచ్చి కూర్చుని చూశాడు. అతను పొడగరి. 31లో అతని మోకాళ్లు కుర్చీకి ఆనాయి, 38లో ఆనలేదు. వెడల్పు సంగతి టేపుతో తేలిక. ఎకానమీలో 17 నుంచి 18 అంగుళాల చుట్టూ, నడిమి తరగతిలో సుమారు 19. ఈ ఒకటి రెండు అంగుళాలు కాగితం మీద పెద్ద విషయంలా కనిపించవు. కానీ నడిమి తరగతిలో రెండు సీట్ల మధ్య చేతుల గట్టు కూడా వెడల్పే, ఇద్దరికీ వాటా ఉంటుంది. ఎకానమీలో మూడు సీట్ల వరసలో మధ్యవాడు మోచేతుల్ని ఒళ్లో పెట్టుకోవాల్సిందే.

నా కొలతల వల్ల తేలింది ఒకటుంది. నడిమి తరగతి విలువంతా ముందువాడు సీటు వాల్చిన తర్వాతి గంటల్లోనే ఉంది. అందరూ నిటారుగా కూర్చునే నాలుగు గంటల ప్రయాణానికి దీనికి డబ్బు పెట్టడం దండగ. జపాన్ ఎయిర్‌లైన్స్ ఇంకో పద్ధతి పెట్టింది. నడిమి తరగతిలో సీటు తన పెంకులోనే ముందుకి జారుతుంది, వెనకవాళ్ల మీదకి రాదు. మా దారిలో అది రాదు గాని, వచ్చే వీలున్నవాళ్లు చూసుకోవచ్చు.

ఆదివారం, పర్లాకిమిడి

ఎక్కడికీ వెళ్లలేదు. కార్తీక ఆదివారం కదా, వనభోజనాల గోల. ఉసిరి చెట్టు కింద అరటాకులు వేసి కూర్చున్నాక పెద్దమ్మ నన్ను నిలదీసింది.

"ఎకానమీకి ఎంతా, దీనికి ఎంతా?"

చెప్పాను. సాధారణంగా ఒకటిన్నర రెట్ల నుంచి రెండింతల దాకా ఉంటుంది, కాలాన్ని బట్టి మారుతుందన్నాను.

"మరి అంత పోసి అందులో పడుకోవచ్చునా?"

"పడుకోవడం కాదు పెద్దమ్మా, వాలొచ్చు. సీటు వీపు ఎనిమిది అంగుళాలు వెనక్కి వాలుతుంది. మంచంలా అవ్వాలంటే బిజినెస్సే."

"కూర్చోడానికి అంత డబ్బేటిరా! పడుకోడానికైతే అర్థం ఉంది."

అందరూ నవ్వారు గాని ప్రశ్న గట్టిదే. నడిమి తరగతిని అమ్మేవాళ్లు బొమ్మల్లో నిద్రపోతున్న మనిషిని చూపిస్తారు. ఇది నిద్రకి కొనేది కాదని నా అభిప్రాయం. కూర్చునే బాధ తగ్గించుకోవడానికి కొనేది. నిద్ర కావాలంటే దానికి వేరే దారి చూసుకోవాలి. ఆ దారి గాలిలోనే ఉండాలని లేదని నాకు ఆ రోజు సాయంత్రానికి గాని తోచలేదు.

సోమవారం, బరంపురం

పర్లాకిమిడి నుంచి కారులో పాతపట్నం, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం. ఒడిశాలో బయల్దేరి ఆంధ్రలో టిఫిను తిని గిరిసోల దగ్గర మళ్లీ ఒడిశాలో పడ్డాం. పలాసలో చెల్లికి జీడిపప్పు కొంది అమ్మ.

బరంపురం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలోనిది. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి పుట్టిన ఊరు. పట్టు నేసే దేవాంగుల ఇళ్లలో తెలుగే. మావయ్య చీరల కొట్టు నడిపి కొడుక్కి అప్పగించాడు. పేపరు చదవడం, ఎవరు ఎక్కడికి వెళ్తున్నా దారి చెప్పడం ఇప్పుడాయన పని.

ముందు డాక్టరు. మావయ్య స్నేహితుడు, మెడికల్ కాలేజీలో పనిచేసి రిటైరయ్యాడు. కాళ్లలో రక్తం గడ్డకట్టడం గురించి మా భయమంతా చెప్పాం. ఎకానమీలో కూర్చుంటేనే అది వస్తుందని అందరూ అంటారు కదా, అందుకే నడిమి తరగతి అనుకుంటున్నామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో ఈ ప్రమాదం సుమారు రెండింతలవుతుంది. అది బస్సులోనూ రైల్లోనూ కూడా. అయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఆరువేల మందిలో ఒక్కరికి. కదలకుండా కూర్చోవడమే కారణం. అమెరికాలోని ఛాతీ వైద్యుల సంఘం 2012లో ఇచ్చిన సలహాల్లో ఎకానమీకీ బిజినెస్‌కీ తేడా ఉన్నట్టు ఆధారం లేదని, కిటికీ సీటు మాత్రం ప్రమాదాన్ని పెంచుతుందని ఉంది. కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లు లేవరు. "మీ అమ్మగారిని నడవ పక్కన కూర్చోబెట్టండి. గంటకోసారి లేపండి. కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దింపమనండి. కాళ్లని బిగించి పట్టే మేజోళ్లు నేను రాసిస్తాను. తరగతి మీ ఇష్టం" అన్నాడు. రక్తనాళాల కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదని తేలాక నాకు సగం బరువు దిగింది. మిగిలింది మోకాళ్ల నొప్పే, దానికెంత పెట్టాలన్నది మా చేతిలోని లెక్క.

ఏజెంటు గిరి రోడ్డు దగ్గర ఒక మేడ మీద ఉంటాడు. మూడు దారులు పెట్టాడు.

భువనేశ్వరం నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి అమెరికా. ఎయిర్ ఇండియా ఏ350 విమానంలో 316 సీట్లుంటే అందులో నడిమి తరగతివి 24 మాత్రమే. ముందు కొంటేనే దొరుకుతాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకి మూసేశాక ఈ దారి చుట్టు పెరిగింది. మావయ్య ఓటు దీనికే, భాష తెలిసినవాళ్లుంటారని.

రెండోది గల్ఫ్ మీదుగా, మధ్యలో తెగే దారి. ఎకానమీలో వెళ్లదలచుకున్నవాళ్లకి ఇదే మేలని నా ఉద్దేశం. మధ్యలో దిగి నడుస్తారు.

మూడోది విశాఖ నుంచి స్కూట్ అనే చవక విమాన సంస్థలో సింగపూర్, అక్కడి నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో నేరుగా న్యూజెర్సీలోని నెవార్క్. రెండో విమానం 15,300 కిలోమీటర్ల పైన, పద్దెనిమిది గంటల పైచిలుకు. లోకంలో అతి పొడుగు ప్రయాణాల్లో ఒకటి. మావయ్య "వెర్రా?" అన్నాడు. నాకు మాత్రం ఆసక్తి పెరిగింది, ఎందుకంటే ఆ విమానంలో ఎకానమీ లేదు.

ఈ దారి కథ కాస్త చెప్పాలి. ఇదే సంస్థ 2004లో ఏ340-500 విమానంతో సింగపూర్ నుంచి నెవార్క్‌కి ఆగకుండా ఎగరడం మొదలుపెట్టింది. అప్పుడు 181 సీట్లు, 64 బిజినెస్, మిగిలిన 117 ఎగ్జిక్యూటివ్ ఎకానమీ పేరుతో నడిమి తరగతి లాంటిది. 2008లో అవన్నీ తీసేసి మొత్తం 100 బిజినెస్ సీట్లు చేశారు. నాలుగు ఇంజిన్లకి ఇంధనం పోయలేక 2013లో ఆపేశారు. ఏ350-900 రకంలో దూరప్రయాణానికని ప్రత్యేకంగా చేసిన విమానం, రెండే ఇంజిన్లది, వచ్చాక 2018 అక్టోబరులో మళ్లీ మొదలైంది. అందులో 161 సీట్లే. 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. ఇదే సంస్థ మామూలు ఏ350లో 253 మందిని ఎక్కిస్తుంది. అంత దూరానికి ఇంధనం మోయాలంటే మనుషుల్ని తగ్గించాలి, తగ్గించిన మనుషుల దగ్గర ఎక్కువ తీసుకోవాలి. ఎకానమీ ప్రయాణికుడి ధర ఆ లెక్కకి సరిపోదు. ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ సిడ్నీ నుంచి లండన్‌కి ఆగకుండా వెళ్లడానికి కొంటున్న ఏ350-1000 విమానాల్లోనూ 238 సీట్లే, వాటిలో నడిమి తరగతివి 40. అక్కడ మాత్రం ఎకానమీ 140 సీట్లతో ఉంచారు, పిచ్ 33 అంగుళాలు చేసి.

అంటే మా మూడో దారిలో నడిమి తరగతే అడుగు తరగతి. ఎంచుకునే బెడద లేదు. పైగా విమానంలో సగానికి పైగా మంది మనలాగే కూర్చుని వచ్చేవాళ్లు.

ధరని నేనిలా చూశాను. ఢిల్లీ దారిలో ఎకానమీకీ నడిమి తరగతికీ ఉన్న తేడాని ఆ పొడుగు విమానంలోని గంటలతో భాగించాను. అలాగే సింగపూర్ దారి ధరలోంచి ఢిల్లీ ఎకానమీ ధర తీసేసి పద్దెనిమిదితో భాగించాను. రెండో అంకె చిన్నదైంది. టికెట్టు మొత్తం మీద తేడా చూస్తే ఎప్పుడూ భయమే వేస్తుంది, గంటల మీద చూస్తే పోల్చుకోవచ్చు. చిన్న విమానం గంటలు ఈ లెక్కలో కలపకూడదు. ప్రీమియం అని కొన్నా విశాఖ నుంచి సింగపూర్ దాకా స్కూట్ చిన్న విమానంలో ఆ తరగతే ఉండదు. నాలుగు గంటల పైచిలుకు మామూలు సీటే. టికెట్టు మీద ఏ విమానానికి ఏ తరగతో వరస వరసా చదవాలి. ఏజెంటు చెప్పకపోతే అడగాలి.

ఇంక సీట్లు. ఈ విమానంలో వరసకి ఎనిమిది, రెండు నాలుగు రెండుగా. మొదటి వరస ఖాళీ ఉంది, ఎదురుగా గోడ, మావయ్య అదే తీసుకోమన్నాడు. నేను వద్దన్నాను. ఎదురుగా సీటు లేదంటే సంచి పెట్టుకోవడానికి దాని కింద జాగా కూడా లేదు. మందులు, మంచినీళ్లు, కళ్లజోడు అన్నీ పైన పెట్టెలో పోతాయి, అమ్మకి అందవు. చంటిపిల్లల ఉయ్యాలలు వేసేదీ ఆ గోడకే. కిటికీ వైపు ఉండే రెండు సీట్ల జత తీసుకున్నాం. కిటికీ నాకు, నడవ అమ్మకి. నేను లేవాలంటే ఆవిడ లేవాలి, ఎలాగూ గంటకోసారి లేవాల్సినవాళ్లమే. వెనకాల కొన్ని వరసల్లో కిటికీ పక్క ఒంటరి సీట్లున్నాయి. ఒక్కరే వెళ్లేవాళ్లకి అవి అదృష్టం.

వీల్‌చెయిర్, శాకాహారం రెండూ అప్పుడే రాయించాం. కార్తీకం ముగిసేలోపు పని తేలింది.

బుధవారం, ఫాల్గుణం, రాయగడ – విశాఖ

రైల్లో పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం. రాత్రి విశాఖలో విమానం. చెప్పుకోవాల్సిందేమీ లేదు. అమ్మ మామూలు సీటులో నాలుగు గంటలు బాగానే కూర్చుంది, ముందున్న కుర్రాడు సీటు వాల్చనందుకు దిగేటప్పుడు అతని తల మీద చెయ్యి వేసి దీవించింది.

గురువారం, సింగపూర్

తెల్లవారుజామున దిగాం. నెవార్క్ విమానం రాత్రికి. పగలంతా విమానాశ్రయంలోనే. దీన్ని మావయ్య పెద్ద లోపమన్నాడు. నేను మాత్రం ఆ రోజు పర్లాకిమిడిలో పెద్దమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడే పెట్టుకున్నాను. లోపలే, ఇమిగ్రేషను దాటక్కర్లేకుండా, గంటల లెక్కన గదులిచ్చే హోటళ్లున్నాయి. ముందే తీసుకున్న గదిలో అమ్మ స్నానం చేసి, జపం చేసుకుని, మంచం మీద కాళ్లు బారజాపి ఆరుగంటలు ఒళ్లు తెలియకుండా పడుకుంది. ఆ గదికైన ఖర్చు బిజినెస్ టికెట్టు ధరతో పోల్చడానికే రాదు. పడుకోవడం నేల మీద కొని, గాలిలో కూర్చోవడం కొన్నామన్నమాట. పొడుగు ప్రయాణానికి ముందు పగలు నిద్రపోయిన మనిషికి పద్దెనిమిది గంటల సీటు వేరుగా ఉంటుంది, నిద్రలేకుండా పరుగెత్తి ఎక్కినవాళ్లకి వేరుగా ఉంటుంది.

లేచాక పులిహోర తింది. ఇంటి నుంచి తెచ్చినది అప్పటికి పూర్తిగా అయిపోయింది, అమెరికాలో దిగేటప్పుడు తిండి వస్తువులు చెప్పాల్సిన జాబితాలో ఒకటి తగ్గింది.

గురువారం రాత్రి నుంచి శుక్రవారం తెల్లవారు దాకా, గాలిలో

గది పొడవుగా, నిశ్శబ్దంగా ఉంది. ఏ350, 787 లాంటి కొత్త విమానాల్లో లోపలి గాలి ఆరువేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు, పాతవాటిలో ఎనిమిదివేల అడుగులు. పాడేరు ఘాటు కన్నా ఎత్తే గాని, తలనొప్పి తగ్గుతుందంటారు. పొడితనం మాత్రం తప్పదు. అమ్మ పెదాలకి కొబ్బరినూనె రాసుకుంటూనే ఉంది.

సీటు బాగుంది. కానీ బాగోని సంగతులు చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు చెప్పరు. పిక్కల కింద పైకి లేచే పలక ఒకటుంది, దాని కింద పాదాలు పెట్టుకునే కడ్డీ ఒకటి. ఈ రెండూ మధ్యరకం పొడవున్న మనిషి కోసం చేసినవి. మా అమ్మ పొట్టి. పలక ఎత్తితే అంచు సరిగ్గా మోకాలి మడతలో ఒత్తుకుంది, నొప్పున్న చోటే. కడ్డీకి పాదం అందలేదు. దించేస్తే పాదాలు నేలకి ఆనక వేలాడాయి. ఏడు అంగుళాలు ఎక్కువ జాగా ఉండి ఏం లాభం? చివరికి సంచిలో ఉన్న శాలువ, వాళ్లిచ్చిన దిండు కలిపి చుట్టి పాదాల కింద పెట్టాను. అప్పుడు కుదిరింది. అదే జాగా ఎకానమీలో ఉంటే ఆ చుట్ట పెట్టడానికి చోటుండేది కాదు, కాబట్టి డబ్బు వృథా కాలేదు. పొట్టివాళ్లు గాలి ఊదుకునే పాదపీట ఒకటి వెంట తీసుకెళ్లడం మంచిది.

రెండో సంగతి, సీట్ల మధ్య గట్టు పైకి లేవదు. భోజనం బల్ల అందులోంచే వస్తుంది. రైల్లోలా నా ఒళ్లో తల పెట్టుకుని పడుకోవాలని అమ్మ ఆశ, వీలుకాలేదు. ఎకానమీలో పక్క సీట్లు ఖాళీగా ఉంటే గట్లు లేపి పడుకున్నవాళ్లున్నారు. ఇక్కడ పక్కది ఖాళీగా ఉన్నా ఆ వరం లేదు.

తిండి మామూలే. గిన్నెలు పింగాణీవి. ఏషియన్ వెజిటేరియన్ అని రాయించినందుకు పప్పు, అన్నం, బంగాళాదుంప కూర వచ్చాయి, ఉప్పు తక్కువ. ఎత్తులో నాలుక రుచి మందగిస్తుంది, ఏ తరగతిలోనైనా అంతే. అమ్మ మాగాయ ముక్క తీసింది. పక్క నడవ అవతల కూర్చున్న చీనా ముసలాయన వాసనకి తలతిప్పి చూశాడు. అమ్మ ఆయనకీ ఒక ముక్క ఇచ్చింది. తిన్నాడు.

బయట చీకట్లో బయల్దేరాం. తూర్పుకి పోతున్నాం కాబట్టి సూర్యుడు త్వరగా ఎదురొచ్చాడు. కిటికీలు మూయించి అందర్నీ నిద్రపుచ్చారు. మళ్లీ చూసేసరికి పసిఫిక్ మీద ఉన్నాం, ఇంకాసేపటికి మళ్లీ రాత్రి. మధ్యలో ఒక పగలు మూసిన కిటికీల అవతల వచ్చి పోయింది. పదో గంట నుంచి పదమూడో గంట దాకా అసలైన పరీక్ష. ముందు అందరికీ ఉత్సాహం, చివర దిగబోతున్నామన్న ఊరట, మధ్యలో ఆ మూడు గంటలు ఏమీ ఉండదు. సీటు ఎంత మంచిదైనా మనిషికి కూర్చోవడం మీదే విసుగు పుడుతుంది. అమ్మని లేపి వెనకాల దాకా నడిపించాను, అక్కడ మరో ఇద్దరు అమ్మలు అప్పటికే తిరుగుతున్నారు, ఒకావిడది గుంటూరు. ముగ్గురూ వంటగది పరదా పక్కన నిలబడి మోకాళ్ల ఆపరేషన్ల గురించి మాట్లాడుకుంటుంటే పరిచారిక టీ ఇచ్చింది. ఆ గంట ఎలా పోయిందో తెలియలేదు.

నిద్ర సంగతి. అమ్మ మూడు తునకలుగా నిద్రపోయింది. నేను దానికన్నా తక్కువ. ముందువాడు సీటు పూర్తిగా వాల్చినప్పుడు కూడా అమ్మ మోకాలికి అడ్డం రాలేదు. పర్లాకిమిడి అరుగు మీద కొలిచిన అంగుళాలు ఇక్కడ నిలబడ్డాయి.

శుక్రవారం, నెవార్క్

తెల్లవారకముందే దిగాం. వీల్‌చెయిర్ తెచ్చినతను అడిగేలోపు అమ్మ తనంతట తానే లేచి నాలుగడుగులు వేసి, "సాగాయిరా" అంది. ఇమిగ్రేషనులో ఆవకాయ, జీడిపప్పు ఉన్నాయని చెప్పాం, పండ్లు, మాంసం, విత్తనాలు ఉన్నాయా అని అడిగి వదిలేశారు. చెల్లి బయట కోటు పట్టుకుని నిలబడింది.

ఇల్లు చేరగానే మావయ్య ఫోను. వచ్చే ఏడు ఆయన కూతురి దగ్గరికి లండన్ వెళ్తాడట, అత్తయ్యతో కలిసి. "నడిమి తరగతే తీయమంటావా?" అన్నాడు. ఆయన మోకాళ్లు గట్టివి. ఢిల్లీ నుంచి లండన్ పగటి విమానం దొరుకుతుంది, మాకైన దాంట్లో సుమారు సగం గంటలు, ఎవరూ సీట్లు వాల్చి నిద్రపోయే వేళ కాదు. వద్దన్నాను. ఎకానమీలో నడవ పక్క సీటు ముందే తీసుకుని, మిగిలిన డబ్బుతో తిరిగొచ్చేటప్పుడు రాత్రి విమానానికి మాత్రం నడిమి తరగతి చూడమన్నాను. రాకపోకలకి రెండు తరగతులు కలిపి ఒకే టికెట్టు తీయొచ్చని ఆయనకి తెలీదు. "అలా ఇస్తారా?" అని నాలుగుసార్లు అడిగాడు. ఇస్తారు, ఏజెంటు తనంతట తాను చెప్పడు, అడగాలి అన్నాను. ఈలోపు అమ్మ ఫోను లాక్కుని తమ్ముడికి పాదాల కింద చుట్టుకునే శాలువ గురించి చెప్పడం మొదలుపెట్టింది.